కబురుముఖం

ఎమెట్ గార్లండ్ ఇడ్లీ తిందామని రుషికొండ దిగువన ఉన్న టిఫిన్ బండి దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ పద్నాలుగు మంది ఉన్నారు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టేలోగా పదమూడు మంది లేచి వెళ్ళిపోయారు. ఒకాయన చెయ్యయినా కడుక్కోలేదు. ఒకావిడ రోడ్డు మధ్యలో నిలబడిపోయి, మణికట్టు మీది పలకలో కొడుకును పిలిచి, వాడు పలికేదాకా ఊపిరి పీల్చుకోలేదు. పలికాక వాణ్ణి నానా తిట్లూ తిట్టి, ఏడుస్తూ వెళ్ళిపోయింది.

గార్లండ్‌కు ఇది కొత్త కాదు. పదిహేనేళ్ళుగా ఏ ఊరు వెళ్ళినా ఇదే తంతు. అందుకే బయట అడుగు పెట్టాలంటే ముసుగు వేసుకోమని సంస్థవాళ్ళు చెప్తూ వచ్చారు, ఆయన వేసుకుంటూ వచ్చాడు. ఆ ఉదయం మాత్రం కొండ మీది అతిథిగృహంలో ముసుగును చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, చెత్తబుట్టలో పడేసి బయటికి నడిచాడు. ఎనభై ఆరేళ్ళ మనిషికి తన ముఖంతో తాను ఒక్కపూట టిఫిన్ చెయ్యాలనిపించడం పెద్ద కోరికేమీ కాదు. కానీ ఆ ముఖం అప్పటికి ఆయనది కాదు.

ఇరవయ్యేళ్ళ కిందట ‘ఊరట’ అనే సంస్థ కబురుముఖాన్ని తయారుచేసింది. అప్పటినుంచి ఎవరైనా పోతే, ఆ సంగతి చెప్పడానికి ఆసుపత్రి నుంచి గానీ పోలీసు స్టేషన్ నుంచి గానీ మనిషి రాడు. ఇంట్లో గోడ మీదో, అద్దంలోనో, ఏదీ లేకపోతే చేతిపలకలోంచి లేచే గాలితెర మీదో ఒక ముసలాయన ముఖం కనిపిస్తుంది. వినేవాళ్ళ భాషలో, వాళ్ళ ఊరి యాసలో, వాళ్ళ గుండె వేగం చూసుకుంటూ కబురు చెప్తుంది. ఏడు సెకన్లు అలాగే చూసి మాయమవుతుంది. మొదట్లో ఉద్యోగం ఊడిన కబుర్లూ, పెళ్ళిసంబంధం తప్పిపోయిన కబుర్లూ కూడా అదే మోసేది. జాకెట్టు పాడుచేసిన టైలరు కూడా తాను కనబడకుండా ముఖాన్ని పంపడం మొదలుపెట్టాక, అలాంటి చిల్లర పనులకు వేరే ముఖాలు కేటాయించారు. చావుకు మాత్రం ప్రపంచమంతటా ఒకటే ముఖం ఉంచారు. పదకొండు వేల ముఖాలను పరీక్షిస్తే జనం గుండెదడను ఎక్కువగా తగ్గించింది గార్లండ్ ముఖమేనట. ఆ తర్వాత చట్టం కూడా వచ్చింది. మరణవార్తను మనిషికి మనిషి నోటితో చెప్పకూడదు. పేర్లు తప్పు చెప్పేవాళ్ళూ, చెప్పినందుకు దెబ్బలు తినే డాక్టర్లూ లేకుండా పోయారు. వైద్య కళాశాలల్లో ఆ పాఠమే తీసేశారు.

ఆ ముఖానికి అంత నమ్మకం ఎక్కడిదంటే, అది సినిమాల చలవ. గార్లండ్ అమెరికాలోని నెబ్రాస్కాలో ధాన్యం లారీ తోలే మనిషి కొడుకు. ఇరవై రెండో ఏట మొదటి వేషం దొరికింది. యుద్ధం సినిమా. సైనికుడి దుస్తుల్లో ఒక ఇంటి మెట్ల మీద టోపీ తీసి నిలబడి, లోపలి తల్లికి ఆమె కొడుకు ఇక రాడని చెప్పాలి. ఒక్కటే డైలాగు. ఆ డైలాగు ఆయన నుదుటి రాత అయిపోయింది. తర్వాత డాక్టరు వేషం, షెరిఫ్ వేషం, ఓడ కెప్టెన్, జడ్జి, చర్చిలో ఫాదరు. నలభై నాలుగేళ్ళలో నూట నలభై మూడు సినిమాలు. కథలో ఎవరైనా పోవాలంటే ముందు పోయేవాణ్ణి వెతుక్కునేవారు, వెంటనే గార్లండ్‌కు ఫోన్ చేసేవారు. ఒక్కదానిలోనూ ఆయన హీరో కాడు, ఒక్క పోస్టరు మీదా ఆయన బొమ్మ లేదు. నటులతో పని లేకుండా యంత్రాలే అల్లే అల్లికసినిమాలు వచ్చాక ఆ వేషాలు కూడా పోయాయి. సరిగ్గా అప్పుడు ఊరట మనుషులు వచ్చి, ప్రతి ఇంట్లోనూ మీ ముఖం కనిపిస్తుంది అన్నారు. అది వినగానే గార్లండ్ మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. అది కక్కుర్తి అని తర్వాత ఆయనే చాలామందితో చెప్పుకున్నాడు. పోస్టరు లేనివాడి కక్కుర్తి.

మొదట్లో జనం ఉత్తరాలు రాశారు, మీరు చెప్పిన తీరుకు ధన్యవాదాలు అని. నాలుగైదేళ్ళు గడిచేసరికి ప్రతి ఇంట్లోనూ ఆ ముఖం ఒకసారైనా కనిపించింది. ఇక ఆయన రోడ్డు మీద నడవడం కష్టమైంది. సొంత చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళితే, పెళ్ళికొడుకు తల్లి ఆయన్ని చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత చుట్టాలు శుభలేఖలు పంపడం మానేశారు.

ఇప్పుడు ఆ ఒప్పందానికి పెట్టిన ఇరవయ్యేళ్ళ గడువు తీరుతోంది. ముఖహక్కు చట్టం ప్రకారం మనిషి తన ముఖాన్ని తన నోటితో, సాక్షుల ఎదుట మళ్ళీ ఇవ్వాలి. ఈసారి ఇస్తే అది శాశ్వతం. ఆయన పోయాక కూడా ముఖం ఉంటుంది, పోయినట్టు ఆయన వాళ్ళకు చెప్పేది కూడా అదే. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల లోపు ‘ఇస్తున్నాను’ అనకపోతే కబురుముఖం అన్ని దేశాల్లోనూ ఆగిపోవాలి. ఊరట సంస్థ ప్రధాన స్టూడియో విశాఖలో ఉంది కాబట్టి ఆయన్ని ఇంత దూరం తీసుకొచ్చారు. ఇవ్వాలా వద్దా అన్నది గార్లండ్ ఇంకా తేల్చుకోలేదు.

టిఫిన్ బండి దగ్గర పారిపోకుండా మిగిలిన పద్నాలుగో మనిషి బండి యజమానురాలు. పేరు చోడిపల్లి దానమ్మ, అరవైకి దగ్గర పడిన మనిషి. ఆమె అట్లకాడ చేత్తో పట్టుకునే బండి వెనకనుంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

“నువ్వు సెప్పీసి ఎక్కడికెల్లిపోనావు?” అంది.

గార్లండ్ చెవిలో చెవిచిలక ఉంది, అవతలివాళ్ళ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పి, ఆయన మాట తెలుగులో పైకి పలుకుతుంది. దానికి మర్యాద ఎక్కువ. ‘తమరు వార్త తెలిపిన పిమ్మట ఎక్కడికి వెళ్ళారో దయచేసి తెలుపగలరా’ అని అది ఇంగ్లీషులో పలికింది. ఆమె ముఖం చూస్తే ఆ మాట అలా అడిగినట్టు లేదు. గార్లండ్ అలవాటైన జవాబే ఇచ్చాడు. అది తాను కాదని, యంత్రమని, తాను ఆమెను ఎన్నడూ చూడలేదని చెప్పాడు.

“మొకం నీదే కదా బాబూ. మరెవుల్ని అడగమంతావు?”

దానమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళ కిందట ఆమె భర్త నూకరాజు ఓడలు బాగుచేసే రేవులో పైనుంచి పడిపోయాడు. ఆమె పిండి రుబ్బుతుంటే వంటింటి గోడ మీద ఈ ముఖం వచ్చింది, చెప్పింది. ఆయన పడగానే పోయాడా, కాసేపు ఉన్నాడా, నొప్పి పెట్టిందా, పక్కన ఎవరున్నారు అని ఆమె అడిగింది. అడిగేసరికి అక్కడ ఉత్త గోడ ఉంది. మర్నాడు సంస్థ ఆఫీసుకు వెళితే ‘సేవ పూర్తయింది’ అని పలక మీద చూపించారు. అప్పటినుంచి ఈ ముఖం మళ్ళీ కనిపిస్తే అడగాలని ఆమె చూస్తోంది. ఇంట్లో ఇంకొకరు పోతే తప్ప అది కనిపించదని తెలిసి, కనిపించకూడదని దేవుడికి మొక్కుకుంటూ కూడా ఉంది.

గార్లండ్ ఆమెకు ఏదో సర్దిచెప్పబోయి ఆగిపోయాడు. ఆ ఏడు సెకన్ల సంగతి ఆయనకు అప్పుడు, అక్కడ, ఆ పొగలో తట్టింది. ఇరవయ్యేళ్ళుగా తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

“అమ్మా, నేను సినిమాల్లో ఆ మాట చెప్పగానే కెమెరా హీరోయిన్ వైపు తిరిగేది. ఆమె ఏడవాలి కదా, జనం చూసేది ఆమెనే. ఆ తర్వాత నేనేం చేశానో ఏ సినిమాలోనూ లేదు. లేనిదాన్ని ఆ యంత్రం ఎక్కడ చూసి నేర్చుకుంటుంది?”

దానమ్మకు సినిమా సంగతులు అక్కర్లేదు. మరి ఆ తర్వాత నువ్వేం చేసేవాడివి అని అడిగింది. గార్లండ్ నిజం చెప్పాడు. హీరోయిన్ ఎవరో ఒకరి కళ్ళలోకి చూస్తూ ఏడవాలి కాబట్టి తాను కెమెరా పక్కన, ఫ్రేము బయట, ఆమె ఏడుపు అయ్యేదాకా నిలబడేవాడు. కొన్నిసార్లు అది ఇరవై టేకులు పట్టేది. కదిలేవాడు కాదు. తాను చేసిన మంచి నటన ఏదైనా ఉంటే అంతా అక్కడే చేశాడు, అది ఎవరూ చూడలేదు.

“అయితే నిలబడు,” అంది దానమ్మ.

ఆయన నిలబడ్డాడు. ఆమె తిట్టింది. ముందు ఆయన్ని, తర్వాత రేవు కాంట్రాక్టరును, తర్వాత తాడు సరిగ్గా కట్టుకోని నూకరాజును. చెవిచిలక ఆ తిట్లన్నిటినీ మర్యాదల్లోకి మార్చలేక సతమతమవుతుంటే గార్లండ్ దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. మాటలు తెలియకపోయినా గొంతు తెలుస్తోంది. ఆమె ఏడ్చింది, ముక్కు చీదుకుంది, పెనం మీద మాడుతున్న అట్టును గుర్తుపెట్టుకుని తిప్పింది, మళ్ళీ ఏడ్చింది. ముప్పావు గంట గడిచింది. ఆయన మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. చివరికి ఆమె ఒక ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి, బల్ల చూపించి కూర్చోమంది. గార్లండ్‌కు చాలా ఏళ్ళ తర్వాత సంతోషం వేసింది. ఇడ్లీలు చల్లారిపోయి ఉన్నాయి.

స్టూడియోకు చేరేసరికి పదకొండు దాటింది. స్టూడియో అధిపతి చామర్తి ప్రణవి గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. నలభై రెండేళ్ళ మనిషి, ఊరటలో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆమె చెడ్డమనిషి కాదు. తన పద్నాలుగో ఏట ఒక డాక్టరు ఆసుపత్రి నడవాలో నడుస్తూ నడుస్తూ, ఆమె తండ్రి పేరు తప్పుగా చదివి, ఆయన పోయాడని చెప్పి, తర్వాతి గదిలోకి వెళ్ళిపోయాడు. ఏ పిల్లకూ మళ్ళీ అలా జరగకూడదని ఆమె ఈ పనిలో చేరింది, ఆ సంగతి గార్లండ్‌కు ఆమే ఒకసారి చెప్పింది. ముసుగు లేకుండా బయట తిరిగినందుకు ఆమె ఆయన్ని నొప్పించకుండా మందలించింది. ఊళ్ళో అప్పటికే నూట అరవై మంది ఇళ్ళకు ఫోన్లు చేసుకున్నారట.

ఆయన చెవిచిలకను మళ్ళీ చెవిలో పెట్టుకుని, కబురు చెప్పాక ఏడు సెకన్లే ఎందుకు అని అడిగాడు. ప్రణవి ఉత్సాహంగా చెప్పింది. అది ఆమెకు ఇష్టమైన విషయం. గార్లండ్ సినిమాల్లో అలాంటి సన్నివేశాలు అరవై ఒకటి ఉన్నాయి. అన్నిటినీ యంత్రానికి చూపించారు. మాట అయ్యాక ఆయన ముఖం తెర మీద ఉండేది సగటున ఏడు సెకన్లు. అంతకంటే ఎక్కువ ఉంటే వినేవాళ్ళకు భారమవుతుందని ఆ మహానటుడికి సహజంగా తెలుసని వాళ్ళు అనుకున్నారు. ‘సప్తక్షణ మౌనం’ అని దానికి పేరు పెట్టారు. విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్తున్నారు. దాని మీద నలుగురికి డాక్టరేట్లు వచ్చాయి.

గార్లండ్ నవ్వాడు. నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. అది తన కళ కాదని, ఎడిటర్ల కత్తెర అని, హీరోయిన్ల క్లోజప్పులకు చోటు కావాలి కాబట్టి తనను కోసేసేవారని చెప్పాడు. వాళ్ళు ఇరవయ్యేళ్ళుగా పూజిస్తున్నది ఒక కోతను. ప్రణవి ముఖం పాలిపోయింది. అయితే ఆమె ఇంజనీరు. తప్పు బయటపడితే బాధపడటం రెండు నిమిషాలే, తర్వాత బాగుచేసే దారి చూస్తుంది.

“అయితే ఇప్పుడు తీద్దాం సర్. మీరు కబురు చెప్పండి, చెప్పాక ఉండండి. ఎంతసేపైనా సరే, కెమెరా మీ మీదే ఉంటుంది. ఆ తర్వాతది ప్రపంచమంతా చూస్తుంది.”

ఇది ఆమె ఎర వేసి అన్న మాట కాదు, మనసారా అన్నది. కెమెరా నీ మీదే ఉంటుంది అన్న మాట కోసం ఆయన అరవై ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు. సెట్లో ఎవరైనా ఆ మాట అంటారని ప్రతి సినిమాకూ చొక్కా తానే ఇస్త్రీ చేసుకుని వెళ్ళేవాడు. ఇప్పుడు అన్నారు. ఆయన కాదనలేకపోయాడు.

లైట్లు పెట్టే మనిషి పైల సన్నిబాబు వచ్చి ఆయన ముఖం మీద వెలుగు సరిచేశాడు. నలభై ఆరేళ్ళ వయసు, స్టూడియోలో అందరికంటే పాతవాడు. ఆ ముఖాన్ని చూసి భయపడని కొద్దిమందిలో అతనొకడు. రోజూ యంత్రాల్లో చూస్తాడు కాబట్టి అలవాటైపోయింది. ముసలాయన కళ్ళకు వేడి తగలకుండా ఒక తెల్లగుడ్డ అడ్డం పెట్టి, ఇబ్బందయితే చెయ్యెత్తమని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

గార్లండ్ కెమెరా కేసి చూసి కబురు చెప్పాడు. చెప్పి ఆగాడు. ఆయన కనుబొమలు కొంచెం దిగాయి. పెదవి చివర సన్నగా కదిలింది. కంటిలో నీరు వచ్చి, పడకుండా నిలిచింది. గదిలో ఎవరూ కదల్లేదు. ప్రణవి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలా బాగా వస్తోంది. అంత బాగా వస్తోందని గార్లండ్‌కు కూడా తెలుస్తోంది. పొద్దున దానమ్మ ఎదుట నిలబడినప్పుడు తన ముఖం ఎలా ఉందో ఆయనకు తెలియనే తెలియదు. అప్పుడు చూసుకోలేదు. మోకాళ్ళు నొప్పి పుట్టాయి, అంతే. ఆ ముప్పావు గంటలో జరిగిందంతా ఆమె చేసింది. ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట ఇంత అందంగా కన్నీరు నిలబెట్టుకుంటున్నందుకు ఆయనకు సిగ్గేసింది. కంటిని వేళ్ళతో గట్టిగా తుడుచుకున్నాడు.

“ఆపెయ్యండి. నేను ఇవ్వను,” అన్నాడు.

ప్రణవి మొదట విశ్రాంతి తీసుకోమంది. ఆయన ఇవ్వనన్నది సన్నివేశం కాదు, ముఖం అని అర్థమయ్యాక కంగారుపడింది. అప్పుడు పదకొండూ నలభై. సింగపూర్ నుంచి సంస్థ లాయరు గాలితెర మీదికి వచ్చాడు. ఆయన మాటలు చాలా మృదువుగా ఉన్నాయి. ఆ నూట నలభై మూడు సినిమాల హక్కులూ ఇప్పుడు ఊరటవే. ముఖం ఇవ్వని మనిషి ముఖం వాటిలో ఉండాల్సిన అవసరం లేదు. సాయంత్రానికి ప్రతి సినిమాలోనూ గార్లండ్ స్థానంలో వేరే ముఖం వస్తుంది. ఎమెట్ గార్లండ్ అనే నటుడు ఏ తెర మీదా ఎప్పుడూ కనిపించనట్టే అవుతుంది. ఇది బెదిరింపు కాదని, సమాచారమని లాయరు అన్నాడు.

గార్లండ్ కూర్చున్నాడు. మొదటి సినిమాలో ఆ ఇంటి మెట్లు, తాను అప్పు తెచ్చుకున్న బూట్లు, తల్లి వేషం వేసిన ఆవిడ షాట్ అయ్యాక తన భుజం తట్టడం గుర్తొచ్చాయి. ఆ బతుకంతా పోతుంది. ఆయనకు పిల్లలు లేరు, మిగిలింది అదే. లేచి నిలబడ్డాడు.

“తుడిచెయ్యండి. నన్ను కొయ్యడం సినిమావాళ్ళకు కొత్త కాదు.”

ప్రణవి ఆయన చెయ్యి పట్టుకుంది. సినిమాల సంగతి ఆమెకు అక్కర్లేదు. ఇప్పటికిప్పుడు ముఖం ఆగిపోతే ఈ కబుర్లన్నీ ఎవరు చెప్తారు, పదిహేనేళ్ళుగా ఎవరికీ చెప్పడం రాదు, డాక్టర్లకే రాదు, జనం నలిగిపోతారు అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అందులో అబద్ధమేమీ లేదని గార్లండ్‌కు తెలుసు. నలిగిపోతారని ఒప్పుకున్నాడు కూడా. ఎవరికి ముందు తెలుస్తుందో వాళ్ళు చెప్తారని, రాకపోతే తప్పుగా చెప్తారని, తప్పుగా చెప్పినవాణ్ణి కనీసం మళ్ళీ పిలిచి అడగొచ్చని అన్నాడు. తన తండ్రి సంగతి తెలిసి కూడా ఆ మాట ఎలా అనగలుగుతున్నారని ఆమె నిలదీసింది. ఆ డాక్టరు చేసిన తప్పు పేరు సరిగ్గా చదవకపోవడం కాదని, తర్వాతి గదిలోకి వెళ్ళిపోవడమని, తన ముఖం కూడా ఇరవయ్యేళ్ళుగా అదే చేస్తోందని ఆయన జవాబిచ్చాడు. ప్రణవి చెయ్యి వదిలేసింది.

పన్నెండయింది. స్టూడియో గోడ మీద దేశాల పటం ఉంది, కబురు చెప్తున్న చోటల్లా ఒక చిన్న వెలుగు ఉంటుంది. ఆ వెలుగులన్నీ ఆరిపోయాయి. పక్కన చెప్పాల్సిన కబుర్ల జాబితా పెరగసాగింది. ముందు వందలు, తర్వాత వేలు. అందులో ఒక వరస ఎర్రగా వెలిగింది. వినాల్సిన మనిషి ఇదే భవనంలో ఉంటే అలా వెలుగుతుంది. ప్రణవి గొంతు తగ్గించి చదివింది. పైల సన్నిబాబు తల్లి, పైల అప్పయ్యమ్మ, డెబ్బై మూడేళ్ళు, ఆసుపత్రిలో పదకొండూ యాభైకి పోయింది, కబురు ఇక్కడికి చేరేసరికి పన్నెండు దాటింది.

సన్నిబాబు గది మూల దీపస్తంభాల తీగలు చుడుతున్నాడు. ప్రణవి గార్లండ్ కేసి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. సన్నిబాబు ఆమెకు పద్దెనిమిదేళ్ళుగా తెలిసిన మనిషి. ఆమె అతని దగ్గరికి నడిచింది. చట్టం ఒప్పుకోని పని చేస్తున్నానని తెలుసు, ఆ భయం కంటే మాటలు దొరకవేమోనన్న భయం ఎక్కువగా ఉంది. అతని ముందు నిలబడి, పేరు సరిగ్గా పలికి, మీ అమ్మగారు పోయారని చెప్పింది.

సన్నిబాబు తీగ చుట్టడం ఆపాడు. తర్వాత నవ్వాడు.

“మీకెవులో తప్పు సెప్పినారు మేడమ్. మొకం రానేదు కదా. మొకం రానేదంటే మా యమ్మ బాగున్నట్టే.”

ఇది ఊరట సంస్థలో ఎవరూ ఊహించలేదు. ప్రణవి జాబితా చూపించింది, సమయం చూపించింది. ముఖం ఆగిపోయింది కాబట్టే రాలేదని వివరించింది. అతను వినిపించుకోలేదు. రాత్రి మాట్లాడిందని, ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్నారని, జాబితాలు తప్పు కావచ్చని చెప్తూ మళ్ళీ తీగ అందుకున్నాడు. అతని ముఖంలో నిజంగా నిశ్చింత ఉంది. ఈ గంటలో ప్రపంచమంతటా ఎన్ని వేలమంది ఇలాగే నవ్వుతున్నారో అనుకుంటూ ఆమె గోడ మీది జాబితా కేసి చూసింది.

గార్లండ్ లేచాడు. పావుగంట కిందటే తన ముఖాన్ని తాను గెలుచుకున్నాడు. ఈ పనికి దాన్ని ఇక వాడనని ప్రపంచం మొత్తానికి చెప్పాడు. అయినా లేచి, గది దాటి, సన్నిబాబు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు, కెమెరా తిరగడం లేదు. ఈసారి ముఖాన్ని ఎవరికీ ఇవ్వలేదు, తానే తీసుకెళ్ళాడు.

“సన్నిబాబూ, మీ అమ్మ చనిపోయారు,” అన్నాడు. చిలక తెలుగులో పలికింది.

సన్నిబాబు ఆయన్ని చూశాడు. చూస్తూ ఆగాడు. ముఖం వెళ్ళిపోవడం కోసం ఆగుతున్నాడని ప్రణవికి అర్థమైంది. అది వెళ్ళలేదు. సన్నిబాబు చెయ్యెత్తి, మెల్లగా, ఆ ముసలాయన చెంప మీద అరచెయ్యి ఆనించాడు. గీయని గడ్డం గుచ్చుకుంది. చెంప వెచ్చగా ఉంది. అప్పుడు అతను నమ్మాడు. నమ్మి, ఆ చేత్తోనే గార్లండ్ చొక్కా కాలరు పట్టుకుని గట్టిగా గుంజాడు. ఒక గుండీ ఊడిపోయింది. ముసలాయన తూలాడు కానీ అక్కడే నిలబడ్డాడు. సన్నిబాబు నోరు తెరిచాడు, శబ్దం రాలేదు, తర్వాత ఒకేసారి వచ్చింది. అలాంటి ఏడుపు ఆ స్టూడియోలో ఎవరూ వినలేదు. గోడలకు చెప్పుకునే ఏడుపులు వేరే రకం. చాలాసేపటికి అతను తల ఎత్తాడు.

“పొద్దున్న ఏటైనా తిన్నాదా?”

గార్లండ్ ప్రణవి వైపు చూశాడు. ప్రణవికీ తెలీదు. ముఖం చెప్పే కబురులో ఏ వివరమూ తప్పిపోకుండా ఆమె ఎన్నో ఏళ్ళు కష్టపడింది, ఈ ప్రశ్న ఏ జాబితాలోనూ రాలేదు.

“తెలీదు,” అన్నాడు గార్లండ్. “నర్సుకు తెలిసుంటుంది. వెళ్ళి అడుగుదాం పద.”

ప్రణవి వ్యాను పిలిపించింది. లాయరు గాలితెర మీద ఇంకా ఏదో చెప్తున్నాడు, ఎవరూ వినడం లేదు. ముగ్గురూ వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. దారిలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పక్క బండివాడు గార్లండ్‌ను చూసి హడలిపోయి ముఖం తిప్పుకున్నాడు. గార్లండ్ తిప్పుకోలేదు. సన్నిబాబు తన తల్లికి ఉప్మా అంటే పడదని, పెడితే తినదని, పొద్దున ఉప్మా పెట్టి ఉంటే ఆకలితో పోయి ఉంటుందని చెప్తూనే ఉన్నాడు. ఆయన వింటూనే ఉన్నాడు. ఆసుపత్రి గేటు దాకా సన్నిబాబు ఆ కాలరు వదల్లేదు.